ఆకాశపు రాయిలో చారల పూస

"పిన్నీ, ఇందులో అన్నీ ఆవగింజలే!" మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే అరిచింది తూనీగ. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ ఆ పాపను అలాగే పిలుస్తారు. స్కూలు అయ్యాక పిన్ని పనిచేసే ల్యాబ్‌కి వస్తుంది. రాళ్లను పల్చగా కోసి, గాజుబిళ్లకు అతికించి, అరగదీయడం పిన్ని పని.

"ఆవగింజలు కావే, రాతి పూసలు. ఇది ఆకాశం నుంచి పడ్డ రాయి," అంది పిన్ని.

"అంత గుండ్రంగా ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. సూర్యుడు పుట్టిన కొత్తలో ధూళి వేడికి కరిగి నీటిబొట్లలాంటి చుక్కలైంది. పైనా కిందా లేని ఆ అంతరిక్షంలో తేలే చుక్క ఎటు జారుతుంది చెప్పు? గుండ్రంగానే ఉండి గట్టిపడింది. ఇవి మన భూమికన్నా పాతవి, తెలుసా!"

పిన్ని ఇంకో గాజుబిళ్ల ఇచ్చింది. "ఇది వేరే రాయి. పూసలున్నాయో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. ఈ పలక మీదున్న తడి గరుకుపొడిలో నాలుగుసార్లు రుద్ది, కడిగి చూడు. అంతకు మించి రుద్దకు."

ఇంతలో ఫోన్ మోగితే పిన్ని బయటికి వెళ్లింది.

తూనీగ నాలుగుసార్లు రుద్ది చూసింది. రెండు పూసలు! ఒకదాని మీద చారలు కూడా! ఇంకాస్త రుద్దితే ఇంకా బాగుంటాయనుకుంది. రుద్దింది, రుద్దుతూనే పోయింది. మళ్లీ కడిగి చూసింది. నల్లటి మరక తప్ప ఏమీ లేదు.

పిన్ని వచ్చింది. "పూసలు కనిపించాయా?"

"లే... లేవు."

"అయితే ఈ రాయి మనకక్కర్లేదు, మిగతా ముక్క పంపినవాళ్లకే తిప్పి పంపించేద్దాం." పిన్ని నోట్‌బుక్ తెరిచి 'పూసలు' అని రాసింది. 'లేవు' అని రాయబోయింది.

"ఆగు పిన్నీ! ఉన్నాయి. నేనే ఎక్కువ రుద్ది పోగొట్టాను." తూనీగ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిన్ని నోట్‌బుక్ తూనీగ వైపు తిప్పింది. తర్వాత పెన్ను చేతికిచ్చింది. "చూసింది నువ్వు. నువ్వే రాయి."

తూనీగ కుదురుగా కూర్చుని రాసింది. 'పూసలు రెండు ఉన్నాయి. ఒకదానికి చారలున్నాయి. ఎక్కువ రుద్ది పాడుచేసింది నేనే.'

"మూలన మూడోది కూడా ఉన్నట్టనిపించింది. సరిగ్గా చూడలేదు."

"అదీ రాయి."

"ఏ రాయి?"

"ఆ రాయి కాదే, పెన్నుతో రాయి!"

ఇద్దరూ నవ్వేశారు. పిన్ని మిగతా ముక్కను కోయడానికి తీసింది. తూనీగ వంగి, ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది: 'మూడోది ఉందో లేదో నాకు తెలియదు.'