కోటమ్మ మిగిల్చిన బిళ్ళలు

తెల్లారేసరికి రమ్య హైదరాబాదు ప్రయాణానికి సిద్ధమైంది. అక్కడి ల్యాబులో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మందు తయారు కాకముందే, దాని నిర్మాణాన్ని బట్టి అది ఏ సూక్ష్మజీవిని చంపగలదో అంచనా వేస్తుంది. తండ్రి దేవదానానికి ఆ పని గిట్టదు. మార్కాపురంలోనే కాలేజీలో పాఠాలు చెప్పుకోమని పోరుతున్నాడు.

"నేనిక్కడ గోడలతో మాట్లాడుకోవాల. నువ్వు ఆడ బొమ్మలు చూసుకుంటా కూచో" అన్నాడు, టీ గ్లాసు ఠపీమని పెడుతూ.

"బొమ్మలు కాదు నాయనా."

"ఇంకేంది? గళ్ళు, గీతలు. ఒక్క బిళ్ళన్నా చేసినారా?"

"ఇంకా లేదు."

"మీ అమ్మ చదువుకోలే. నుదుటి మీద చెయ్యేసి బిళ్ళ ఇచ్చేది."

అది నిజమే. పలకల ఫ్యాక్టరీ నుంచి కోటమ్మ వచ్చేసరికి అరుగు మీద ఎవరో ఒకరు కాచుకుని ఉండేవాళ్ళు. చేతులకంటిన పలకపొడి కడుక్కుని పాత పౌడరు డబ్బా తెరిచేది. జబ్బు తగ్గాక ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్ళలు అందులో దాచేది. "జ్వరం దిగితే ఆపెయ్. మిగిలినవి తెచ్చియ్యి, ఇంకొకరికొస్తాయి" అని నవ్వేది. ఆ నవ్వు కోసమే సగం జనం వచ్చేవాళ్ళనిపించేది దేవదానానికి. ఆమె పోయాక ఆ డబ్బాను అతనే నింపుతున్నాడు. ఎవరో ఒకరు గుమ్మం ఎక్కితేనే ఆ ఇల్లు అతనికి కోటమ్మ ఇల్లులా అనిపించేది.

అంతలో పక్కింటి మల్లి బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"మామా, పిల్లోడికి ఒళ్ళు కాలిపోతాంది. అత్త ఇచ్చే బిళ్ళుంటే ఒకటియ్యి."

దేవదానం డబ్బా తీయగానే రమ్య అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు నాయనా. వదినా, ఏ జ్వరమో తెలీకుండా ఇవి వెయ్యొద్దు. ఆస్పత్రికి తీసుకపో."

"మీ అమ్మయితే ఇట్ల తిప్పి పంపేదా పాపా?" అని సణుగుతూనే మల్లి ఆటో ఎక్కింది.

దేవదానం భగ్గుమన్నాడు. "మీ అమ్మ గుమ్మంలోంచి ఉత్తచేతుల్తో పంపినావు! ఇదా నీ చదువు?"

"అమ్మ ఎట్ల పోయిందో నీకు తెలుసా?"

"జ్వరమొచ్చింది. దేవుడు పిలిచినాడు."

"మూత్రంలో ఇన్‌ఫెక్షన్ నాయనా. రక్తంలోకెక్కింది. మందు మీద మందు మార్చినారు, ఏదీ పనిచెయ్యలే. సగం మింగి ఆపుతుంటే, చావని రోగపు పురుగులు ఏ మందుకూ లొంగకుండా మొండికేస్తాయి. ఇంకో మందుంటే రాయమని నువ్వు డాక్టరు కాళ్ళు పట్టుకున్నావు. లేదన్నాడు. ఆ లేని మందు కోసమే నేను వెతుకుతుండేది."

దేవదానం గోడకానుకుని కూలబడ్డాడు. "నలుగురి మేలు కోరి చేసిందే తల్లీ..."

"మేలే కోరింది. ఆమె ఒక్కదాని తప్పా? ఊరంతా అట్లనే మింగినాం. మనకెవరు చెప్పినారు?" రమ్య అతని పక్కనే కూర్చుంది. ఇద్దరూ కోటమ్మను తలచుకుని ఏడ్చారు.

చాలాసేపటికి అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ గీతలు చూపియ్యి."

రమ్య లాప్‌టాప్ తెరిచింది.

"మీ అమ్మకు పనికొచ్చేది ఏది?"

"ఇదేమోనంటాంది కంప్యూటరు. పురుగు మీద వేసి చూడాల. చానాసార్లు తప్పే అవుతుంది."

"తప్పయితే?"

"ఇంకోటి వెతుకుతా."

ఆ గీతల వైపు దేవదానం రెప్ప వేయకుండా చూశాడు. "అయితే పో తల్లీ. నేనుంటాలే" అన్నాడు.

బస్టాండులో వాళ్ళ వీధిలో ఉండే చిన్నయ్య ఎదురుపడి, వాచిన కాలు చూపించాడు. "దేవదానం, కోటమ్మ బిళ్ళలుండాయా?"

"లేవు చిన్నయ్యా, ఆస్పత్రిలో చూపించుకో." కదులుతున్న బస్సు కిటికీలో కూతురి ముఖం కనబడుతోంది. దేవదానం అటు చెయ్యి చూపించాడు. "కొత్తవి మా పాప వెతుకుతాంది."