తాడు అడిగినంత

ఆ పెరట్లోకి పనికొచ్చిన ఉడుం కంట ముందు పడింది చెట్టు కాదు, ఒక చెప్పుల జత. గోడవారగా తిన్నగా సర్ది ఉన్నాయి. ఎండకి ఎండి, వానకి తడిసి, కట్టెల్లా బిగుసుకుపోయి లోపల నాచు పట్టాయి. ఎవరివమ్మా అని అడిగితే ఇంటావిడ మూతి తిప్పింది. ఇంతకుముందు ఈ చెట్టు కొట్టడానికి వచ్చినవాడి చెప్పులట. పని సగంలో ఉండగా కింద తాడు పట్టుకున్నవాడు గేటు కూడా వెయ్యకుండా పరుగో పరుగట. పైనున్నవాడు ఎప్పుడు దిగాడో ఏమో, చెప్పాపెట్టకుండా పోయాడట. మీరైనా పూర్తిచేసి వెళ్తారా అని నిలదీసింది.

చెప్పుల్లేకుండా ఇంటికెళ్ళినందుకు పెళ్ళాం చేత బాగానే చీవాట్లు తినుంటాడని బావ నవ్వాడు. నవ్వుతూనే తన చెప్పులు కూడా వాటి పక్కన విడిచాడు.

బావంటే ఉడుం అక్క మొగుడు. ఇళ్ళ మీదికి ఒరిగిన చెట్లు కొట్టడం, అడ్డమొచ్చిన కొమ్మలు నరకడం ఇద్దరి పని. బావ ఎక్కుతాడు, ఇతను కింద తాడు పట్టుకుంటాడు. ఒకసారి పట్టుకుంటే అరచేతుల తోలు ఊడినా వదలడని ఉడుం అని పేరు పెట్టింది బావే. ఆ పేరు మీద నమ్మకంతోనే అక్క తన మొగుణ్ణి పనికి పంపేది. ఇప్పుడైతే ఆమెకి నెలలు నిండుతున్నాయి కూడాను. పొద్దున గుమ్మంలో నిలబడి, "తాడు నీ చేతిలో ఉందనుకుంటేనే నాకు ముద్ద దిగుతుందిరా" అంది. ఉడుం నోట్లో నాలుక లేని మనిషి. తలూపాడు, అంతే.

వీళ్ళ పనికొక పద్ధతుంది. మిషన్ రంపం మోతలో అరిచినా వినపడదు, కాబట్టి మాటలన్నీ తాడుతోనే. ఒకసారి లాగితే ఆగమని. రెండుసార్లు లాగితే వదులు చెయ్యమని. మూడుసార్లు లాగితే బిగబట్టమని. ఇంకొక కట్టుబాటు, పొట్టు రాలుతుంటే కింద ఉన్నవాడు తలెత్తకూడదు. కొత్తలో ఓసారి ఎత్తి, ఉడుం వారం రోజులు కళ్ళు తెరవలేకపోయాడు. అప్పటి నుంచి కళ్ళతో పనిలేదు అతనికి. తాడు అడుగుతుంది, చేతులు ఇస్తాయి.

బావ ఎక్కాడు. పైన మాను రెండుగా చీలిన పంగ దగ్గర ఒక తొర్ర ఉందని, పాత తాడు ముక్కొకటి దాని అంచున బెరడులోకి కూరుకుపోయి ఉందని కేకేసి చెప్పాడు. ఆ తాడు ఒరిపిడికి పడ్డ గాడి కూడా ఉందట. మనకి శ్రమ తప్పిందిరా అంటూ తన తాడును ఆ గాడిలోంచే వేసి, ఒక కొస నడుం బెల్టుకి తగిలించుకుని, రెండో కొస కిందికి జారవిడిచాడు. ఉడుం దాన్ని గేటు స్తంభానికి ఒక చుట్టు తిప్పి పట్టుకున్నాడు.

మధ్యాహ్నమే అయినా మబ్బు కమ్మి పెరడంతా చీకటి పడ్డట్టుంది. ఒక్క కాకి లేదు. ఆ చెట్టు మీద గూడన్నదే లేదని ఉడుం అప్పుడు గమనించాడు. తొర్రలోంచి కాబోలు, పుండు కట్టు విప్పినప్పటి వాసన దిగుతోంది. అంతలో మిషన్ మోత మొదలైంది. పొట్టు రాలింది. ఉడుం తల దించుకున్నాడు.

కాసేపటికి మోత మారింది. రంపం పళ్ళు ఇనుముకి తగిలి కీచుమన్నాయి. కొమ్మతో పాటు ఏదో కింద పడి దొర్లి ఉడుం కాళ్ళ దగ్గర ఆగింది. చెక్కలో సగం కూరుకుపోయిన బెల్టు కొక్కెం. ఎక్కేవాళ్ళు నడుముకి తగిలించుకునేది. కొక్కెంలో తోలు ముక్క... ఆ తోలుకి అంటుకుని ఇంకేదో...

తాడు రెండుసార్లు లాగింది.

చేతులు వదులు చేశాయి. మళ్ళీ రెండుసార్లు. మళ్ళీ వదులు. బావ పక్క కొమ్మకి మారుతున్నాడనుకున్నాడు. ఇంకోసారి. ఇంకోసారి. కాళ్ళ దగ్గరున్న చుట్టంతా పాకుతూ పైకి పోయింది. అంత తాడు ఎందుకు? చెట్టే అంత ఎత్తు లేదు కదా?

పొట్టు కళ్ళలో పడుతున్నా తలెత్తాడు.

బావ ఎప్పటి కొమ్మ మీదే ఉన్నాడు. రెండు చేతులూ మిషన్ మీదే ఉన్నాయి. తాడు ముట్టుకోనే లేదు. ఉడుం వదిలిన తాడంతా తొర్రలోకి పోయింది.

"బావా!" అని అరిచాడు. మోతలో వినపడలేదు.

తొర్ర లాగింది. బావ నడుము దగ్గర విరిగినట్టు వంగి, వీపు మానుకి గీసుకుంటూ పంగ దాకా ఎగిరాడు. మిషన్ చేతుల్లోంచి జారి నడుముకి వేలాడింది, మోత తగ్గింది. తొర్ర అంచు పట్టుకుని ఆపుకోబోయిన ఎడమ చెయ్యి లోపలికి జారింది. మోచేయి దాకా... భుజం దాకా... ఆ మీదట లోపల చెరకు నమిలినట్టు ఎముకలు విరిగిన చప్పుడు కింద వరకూ వినిపించింది. బావ నోరు తెరిచాడు, అరుపు రాలేదు. చెంప బెరడుకి ఒరుసుకుని చర్మం లేచిపోయింది. కుడి చేత్తో తాడందుకుని లాగాడు. మూడుసార్లు.

ఉడుం పాదాలు స్తంభానికి తన్నిపెట్టి వెనక్కి వాలాడు. అవతల ఉన్నది కూడా లాగింది. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడింది. అతను వదల్లేదు. జానెడు జానెడుగా తాడు తొర్రలోకే పోతోంది, దాంతో బావ మెడ కూడా. ఇంటావిడ తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడైంది.

బావ కిందికి చూశాడు. ఎర్రబడ్డ పళ్ళ మధ్య నుంచి, "వదలకురా..." అన్నాడు. అది వినపడిందో, పెదాలు చూసి అర్థమైందో ఉడుంకి ఇప్పటికీ తెలీదు.

ఆ తర్వాత బావ, నడుముకి వేలాడుతూ ఇంకా తిరుగుతున్న మిషన్‌ని పైకి తీసి, తన ఎడమ భుజానికే ఆనించి నొక్కాడు.

ఉడుం ఈసారి తల దించలేదు. పొట్టు మొహం మీద పడింది. వెచ్చగా, తడిగా పడింది. అడిగింది దొరికినట్టు తాడు ఒక్కసారిగా వదులైంది. అతను వెల్లకిలా పడుతూ కూడా బిగబట్టి, బావని కిందికి దింపాడు. తొర్రలోంచి మళ్ళీ నమిలిన చప్పుడు వచ్చింది. తీరిగ్గా, తొందర లేకుండా.

బావ బతికాడు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు. భుజం దగ్గర పెద్ద కట్టు, ఒంట్లో కాలిపోయేంత జ్వరం, మాటా పలుకూ లేదు. అక్క ఆసుపత్రి మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అది ఉడుంకి తిట్టు కంటే ఎక్కువ తగిలింది. ఆ వదులు ఇచ్చింది తనేనని చెప్పబోయి, బావ దుప్పటి సర్దేవాడు. ఇక ఈ మనిషిని ప్రాణం పోయినా వదలనని మనసులోనే ఒట్టు పెట్టుకుని, పగలంతా బావ కుడి చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు.

ఒక సాయంత్రం అక్క చీపురు పట్టుకుని మంచం కిందికి వంగింది.

"రోజూ ఊడుస్తున్నాను, ఈ రంపపు పొట్టు ఎక్కణ్ణించి వస్తోందిరా? నీ బట్టలదా?"

ఉడుం పనికెళ్ళి చాలా రోజులైంది. బట్టలదే అయుంటుందన్నాడు. అక్క నడుం పట్టుకుని లేచింది. బావ కేసి ఓసారి చూసి, మంచినీళ్ళు తెస్తాను, అంతవరకూ ఆ చెయ్యి వదలకు అని చెప్పి బయటికెళ్ళింది.

వార్డు నిశ్శబ్దంగా ఉంది. బావ నిద్రపోతున్నాడు. భుజం కట్టు అంచు నుంచి సన్నగా, ఎర్రగా పొట్టు రాలుతోంది. పుండు కట్టు విప్పినప్పటి వాసన... ఇక్కడ ఎవరూ కట్టు విప్పలేదు.

ఉడుం బావ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అది బెరడులా గరుగ్గా ఉంది. పొట్టు రాలుతుంటే అలవాటుగా తల దించుకున్నాడు.

అతని అరచేతిలో ఆ చెయ్యి మెల్లగా లాగింది. రెండుసార్లు.

వద్దని మనసు అరుస్తూనే ఉంది. వేళ్ళు విప్పుకున్నాయి.