పిచ్చుక పళ్ల అచ్చు

"నాన్నా, ఆరిందా? ఇప్పుడో? ఇప్పుడైనా ఆరిందా?"

"పిచ్చుకా, నువ్వు అడిగినకొద్దీ అది ఇంకా ఆలస్యం చేస్తుందే!" నాన్న నవ్వాడు. గలగలా మాట్లాడే కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు పిచ్చుక.

పళ్ల ఆసుపత్రి వెనక గదిలో నాన్న పని. డాక్టరమ్మ పళ్లకు మెత్తటి ముద్ద అద్ది తీసిన కొలతల్లో తెల్లటి పిండి నీళ్లతో కలిపి పోసి, పళ్ల అచ్చులు చేస్తాడు. ఆ అచ్చుల మీదే పెట్టుడు పళ్లు తయారుచేస్తాడు. నోట్లో పెట్టుకున్నాక అసలుదేదో పెట్టినదేదో పోల్చడం ఎవరి తరమూ కాదు. "నేను చేసిన పన్ను ఒక్కటీ తిరిగి రాలేదు" అని ఆయనకు మహా గర్వం.

ఈసారి బల్ల మీద ఆరుతున్న అచ్చు పిచ్చుకదే. పుట్టినప్పుడు పిచ్చుక పైపెదవి, అంగిలి చీలి ఉన్నాయి. పసితనంలోనే డాక్టర్లు కుట్టి కలిపారు. కానీ చీలిక ఉన్నచోట ఒక పన్ను రానేలేదు. దాని పక్కదేమో అడ్డంగా తిరిగి మొలిచింది. అందుకే పిచ్చుక ఎంత వాగినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వాగుతుంది.

సోమవారం బడిలో మైకు ముందు వార్తలు చదవాలి. ఆలోగా కొత్త పన్ను వచ్చేస్తే ఇంకేం కావాలి!

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. పిచ్చుక అచ్చును చేతిలోకి తీసుకుంది. ఛీ, ఈ వంకర పన్నొకటి! పక్కనే ఉన్న ఆకురాయితో కాస్త గీకింది. ఇంకాస్త గీకింది. పన్ను సరిగ్గా ఉన్నట్టే కనిపించింది. అబ్బ, ఎంత బాగుందో! అచ్చును ఎక్కడిదక్కడ పెట్టేసింది.

శనివారం డాక్టరమ్మ, ఆ అచ్చు మీద నాన్న చేసిన కొత్త పన్ను ఉన్న ప్లేటును పిచ్చుక అంగిలికి ఆనించి పెట్టబోయింది. ఎక్కలేదు. మెల్లగా నొక్కి చూసింది. ఊహూఁ, వంకర పన్ను దగ్గర తట్టుకుని ఆగిపోయింది.

నాన్న ముఖం చిన్నబోయింది. "నా చేతిలోనే ఏదో తేడా జరిగింది, డాక్టరుగారూ. పోయిపోయి కన్నకూతురి దగ్గరే తప్పు చేశాను."

తప్పెవరిదో పిచ్చుకకి తెలుసు. చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే నింద నాన్న నెత్తిన పడుతుంది.

"నాన్న కాదు! నేనే గీకేశాను!" అంటూ బావురుమంది. "వంకరగా ఉంటే బాగోలేదని..."

నాన్న ఆమె కళ్లు తుడిచాడు. "పిచ్చిదానా, ప్లేటు పెట్టుకోవాల్సింది అచ్చు కాదే, నువ్వు! నీ పన్ను ఎలా ఉందో అచ్చులోనూ అలాగే ఉండాలి."

"ఆ వంకర పన్నును తర్వాత తీగ కట్టి మెల్లగా తిప్పుదాంలే," అంది డాక్టరమ్మ. "ముందు మళ్లీ కొలత తీయాలి. ప్లేటు మాత్రం సోమవారానికి అందదమ్మా."

సోమవారం రానే వచ్చింది. మైకు ముందు నిలబడగానే పిచ్చుక చెయ్యి తనంతట తానే నోటి దగ్గరకు లేచింది. గేటు దగ్గర నాన్న కనిపించాడు. చొక్కా మీద తెల్లపిండి మరకలతో, పనిలోంచి పరుగెత్తుకొచ్చేశాడు.

పిచ్చుక చెయ్యి దించేసింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా చదివింది. ఖాళీలోంచి ఒకటి రెండుసార్లు గాలి తుస్సుమంది. అయినా ఆగలేదు. చివర్లో పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"మా అమ్మాయేనండీ!" గేటు దగ్గరి కాపలా మనిషికి నాన్న రెండుసార్లు చెప్పాడు.

ఆ సాయంత్రం కొత్త అచ్చు ఆరింది. అంచులు నున్నగా చేద్దామని నాన్న ఆకురాయి తీశాడు.

"నాన్నా, అంచులు మాత్రమే!" పిచ్చుక నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా వంకర పన్ను జోలికి వచ్చావో, ఊరుకోను!"