సంబరాల చాటున ఒక్క తూటా

"ఈ రాత్రి ఎన్నిక ఫలితం రాగానే ఊరంతా సంబరంగా గాల్లోకి కాలుస్తుంది. ఆ మోతలో ఒక్క తూటా మాత్రం కొత్త ప్రెసిడెంటు గుండెలోకి. అదీ ప్లాన్." శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "ఏ మేడ మీంచి?"

"హోదాన్ కనుక్కుంది సార్," అన్నాడు ఏజెంట్ శశాంక్.

సోమాలియా రాజధాని మొగదిషులో అతను జనరేటర్ల మెకానిక్ సలీంగా చలామణీ అవుతున్నాడు. బకారా బజారులో టీ అమ్మే హోదాన్ నాలుగేళ్లుగా అతని కన్ను, చెవి. ఆమె నవ్వు ముందు నోరు కట్టేసుకున్న మిలీషియా కమాండర్ లేడు. ఆమె కూతురికి ఆయాసం వస్తే ఇన్‌హేలర్ తెచ్చిచ్చేది శశాంకే.

"ప్రెసిడెంటు వచ్చి నిలబడే బాల్కనీకి ఎడమపక్క, వీధి జనరేటర్లున్న మేడ," అంది హోదాన్ ఆ సాయంత్రమే. "కాల్చేవాడి పేరు అబ్షిర్ జామా రూబ్లే. తొందరగా వెళ్లన్నా."

మేడ మీద కాపలా ముసలి ఫారా తప్ప ఎవరూ లేరు.

"అబ్షిర్ జామా రూబ్లే వచ్చాడా?"

ఫారా మత్తెక్కించే ఖాత్ ఆకు నములుతూనే నవ్వాడు. "ఎవడయ్యా వాడు? మారుపేరు చెప్పు. కుంటోడా, పళ్లోడా, బట్టతలోడా?"

"మారుపేరు లేదు."

"నన్ను చెవిటోడంటారు, నిన్ను పొడుగోడంటారు. మారుపేరు లేని మగాడు ఈ ఊళ్లో పుట్టలేదు. నీ చెవిలో ఎవరో పువ్వు పెట్టారు."

శశాంక్‌కి అర్థమైంది. ఎవరో పరాయివాళ్లు అల్లిన పేరు. ఈ ఊరి మనిషి హోదాన్‌కి అది తెలియక కాదు, తనను ఇటు పంపడానికే దాన్ని అలాగే అప్పజెప్పింది. బాల్కనీ కనపడే మేడ ఇంకొక్కటే ఉంది. హోదాన్ టీకొట్టు మేడ.

కింద రేడియోలో గెలిచినాయన పేరు చెప్పారు. ఆడవాళ్లు సంబరంగా నాలుకలాడిస్తూ కూత పెట్టారు. వెంటనే తుపాకులు మోగాయి. ఎవరెవరో ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు, పరాయివాడైన శశాంక్‌కి కింద నుంచి చేతులూపుతున్నారు.

బాల్కనీ తలుపు తెరుచుకుని కొత్త ప్రెసిడెంటు బయటికొచ్చాడు. నైట్ విజన్ బైనాక్యులర్స్‌లో టీకొట్టు మేడ, ఆరేసిన బట్టలు, వాటి మధ్య రైఫిల్ గొట్టం.

పరిగెత్తే వ్యవధి లేదు. శశాంక్ వీధి జనరేటర్ల మెయిన్ మీటను లాగి పడేశాడు.

వీధంతా చీకటి. తూటా బాల్కనీ గోడలో దిగింది. గార్డులు ప్రెసిడెంటును లోపలికి లాక్కుపోయారు.

"ఇప్పుడా నీ రిపేరు, పొడుగోడా?" కింద నుంచి ఎవరో తిట్టారు.

చీఫ్ ద్వారా శశాంక్ పంపిన కబురు వైర్‌లెస్‌లో అందుకున్న సైనికులు షూటర్‌ని టీకొట్టు మేడ మెట్ల మీదే పట్టుకున్నారు. శశాంక్ వెళ్లేసరికి హోదాన్ కొట్టులోనే ఉంది. పారిపోలేదు.

"ఎందుకు?"

"పాపకి విదేశీ వీసా ఇప్పిస్తామన్నారు, ఆ పేరు చెప్పమన్నవాళ్లు. ఈ దుమ్ములో దానికి ఊపిరాడదన్నా. నువ్విచ్చింది మందులేగా."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే నువ్వు మీ పైవాళ్లని అడుగుతావు. వాళ్లు వాళ్ల పైవాళ్లని."

"నాలుగేళ్లు, హోదాన్."

సైనికులు సంకెళ్లు వేసి తీసుకెళ్తుంటే ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"ఈ మోతలకి పాప వెనక గదిలో మంచం కింద దూరింది. దగ్గు మొదలైతే ఇన్‌హేలర్ నువ్వే పట్టన్నా. ఇంకొకళ్ల మీద నాకు నమ్మకం లేదు."

బయట ఇంకా కాలుస్తూనే ఉన్నారు. శశాంక్ మోకాళ్ల మీద వంగి మంచం కిందికి చెయ్యి చాచాడు. దొంగపేరుతో బతికినవాడికి ఆ ఊళ్లో హోదాన్ మాటకు మించిన కితాబు ఇంకెవరూ ఇవ్వలేదు.