అరవై అడుగుల కొండ

సత్యప్రసాద్‌ను చంపింది కొండ కాదు, కత్తి.

వేసవిలో గైడు వెంట హిమాచల్ కొండలెక్కడానికి వెళ్ళిన పన్నెండుమంది కోనసీమ టూరిస్టుల్లో ఆయనొకడు. కాగితాల్లో రిటైర్డ్ పోస్టుమాస్టర్. రాతి అంచు మీద పాకుతుండగా నడుముకి కట్టిన తాడు తెగింది. కింద ఆరువందల అడుగుల లోయ.

"తాడు సగం దాకా ముందే కోసి ఉంది," అంది ఇందిర. అమలాపురంలో కొబ్బరి పీచు దుకాణం పైగది ఆమె ఆఫీసు. బోర్డు లేదు. "సత్యప్రసాద్ మన సీనియర్ ఏజెంట్. ఆ టూర్లు నడిపే కంపెనీ ఒక విదేశీ ముఠాకి ముసుగు. టూరిస్టులు ఫోటోలు దిగుతుంటారు, వాళ్ళు మన సైన్యం గస్తీ దారులు మ్యాపు చేస్తుంటారు."

"నేనేం చెయ్యాలండీ?" అన్నాడు శ్యామ్ బాబు.

"అసిస్టెంట్ గైడుగా చేరు. హెడ్ గైడు హేమ మీద అనుమానం. ముఠా లోపల సత్యప్రసాద్‌కి ఒక మనిషి ఉండేది, లేదా ఉండేవాడు. ఎవరో ఆయనొక్కడికే తెలుసు. వాళ్ళ కోడ్ కొబ్బరికాయల దింపు మీద, 'దింపు ఎప్పుడు? వాన వెలిశాక.' కానీ ఆయన్ని చంపేముందే ముఠా అది పసిగట్టి ఉండొచ్చు. ఆ మాట ఎవరన్నా సరే, నమ్మకు."

శ్యామ్ బాబు గడ్డం పెంచాడు. చొక్కా గుండీలో కెమెరా కుట్టించుకున్నాడు. తన పేరు తప్ప అన్నీ అబద్ధాలే చెప్పి ఉద్యోగంలో చేరాడు.

కోనసీమలో కొండ కాదు కదా, గట్టి బండ కూడా దొరకదు. అందుకని రాజోలు శివార్లలో వాడకం మానేసిన ఓవర్‌హెడ్ ట్యాంకే కంపెనీకి కొండ. ఎత్తు అరవై అడుగులు. స్తంభాలకి పట్టులు బిగించి, టూరిస్టులకి హేమ అక్కడే ఎక్కడం నేర్పేది. నల్ల కళ్ళద్దాలు, పొట్టి జుట్టు, నవ్వితే ఎదుటివాడు తాడు వదిలేసే అందం.

"కిందికి చూడకండి. కాలు ఎక్కడుందో చూసుకోండి, చాలు," అనేది.

రెండు నెలల్లో రెండు టూర్లు. ఒకసారి మంచు కురిసి దారి మూసుకుపోతే, ఇద్దరూ ఒక కొండ అంచున కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకున్నారు. అవతల నిలువు లోయ. ఆమె అతని భుజం మీద తల వాల్చింది. శ్యామ్ బాబు ఆ రోజు రిపోర్టులో 'వాతావరణం బాగాలేదు' అని మాత్రమే రాశాడు.

ఆదివారాలు చర్చి అయ్యాక హేమ తల్లి జయమ్మ భోజనానికి పిలిచేది. "మొహమాటపడకండి బాబూ, ఇంకో ముక్క వేసుకోండి," అని చేపల పులుసు వడ్డించేది. ఆవిడ వంటింట్లో ఉండగానే అతను హేమ డైరీ ఫోటోలు తీశాడు. లోపల గస్తీ దారి మ్యాపు ఉంది. ముఠా మనిషి విక్టర్ పేరుంది. కొండ పరికరాల ట్రైనర్‌గా వచ్చిన విదేశీయుడతను.

"శనివారం ఉదయం ట్యాంకు దగ్గర విక్టర్‌ని కలుస్తుంది. ఇద్దర్నీ పట్టుకో," అంది ఇందిర.

శనివారం ప్రాక్టీసుకి టూరిస్టులెవరూ రావద్దని హేమే కబురు పెట్టింది. తొమ్మిదింటికి శ్యామ్ బాబు వెళ్ళేసరికి ట్యాంకు కింద ఒంటరిగా నిలబడి ఉంది. అతను మాట్లాడకుండా ఆమె చేతిని స్తంభం ఇనుప ఊచకి బేడీ వేసేశాడు.

హేమ బేడీని చూసింది, అతన్ని చూసింది.

"దింపు ఎప్పుడండీ?" అంది మెల్లగా. "వాన వెలిశాక. నేను సత్యప్రసాద్ గారి మనిషినండీ."

"ఆ మాట ఆయన్ని చంపినవాళ్ళకీ తెలుసు."

"పైన విక్టర్ ఉన్నాడు. పదకొండు నెలలుగా వాడికి దొంగ మ్యాపులే ఇచ్చేను. ఈసారి నాకు తెలీకుండా టూరిస్టుల హెల్మెట్లలో ట్రాకర్లు పెట్టేడు. టూర్ గస్తీ దారి మీదుగానే వెళ్ళింది కదండీ, అసలు దారి దొరికేసింది. తొమ్మిదీ పదికి శాటిలైట్ తలమీదికి వస్తుంది, పంపేస్తాడు. రాత్రికి ఆ దారిలో నలభైమంది జవాన్లు నడుస్తారండీ. రేడియోలు ఆపేసి ఇప్పటికే బయల్దేరేరు, కబురూ అందదు."

శ్యామ్ బాబు ఇయర్‌పీస్‌లో ఇందిరని అడిగాడు. "నమ్మకు. మన వాళ్ళు పి.గన్నవరం దాటారు," అంది. లోపలి నిచ్చెన ఎక్కి చూశాడు. పైన ఇనుప తలుపు బిగించి ఉంది. దిగొచ్చాడు. తొమ్మిదీ ఏడు.

"నా డైరీలో మ్యాపు ఫోటో తీసేరు కదా," అంది హేమ. అతను ఉలిక్కిపడ్డాడు. "తెలుసండీ. ఆ దారి చివర ఏముందో చూసేరా? మనం టీ తాగిన చోటు. అక్కణ్ణించి ఏ సైన్యం నడుస్తుందండీ?"

ఫోన్ తీసి చూశాడు. అదే అంచు. అవతల లోయే. రుజువు వారం రోజులుగా అతని జేబులోనే ఉంది.

గబగబా బేడీ తీశాడు. తొమ్మిదీ ఎనిమిది.

"తాడు..."

"కట్టుకునే టైము లేదండీ."

హేమ స్తంభం పట్టుకుని ఎక్కిపోయింది. శ్యామ్ బాబు వెనకే ఎక్కాడు గాని ఆమె వేగం అతనికి రాదు. సగంలో ఉండగా పైన పెనుగులాట వినబడింది. ఒక అరుపు. విక్టర్ ట్రాన్స్‌మిటర్‌ని గుండెకి హత్తుకుని హేమ అతని పక్కనుంచే కిందికి వెళ్ళిపోయింది. అతను చెయ్యి చాచాడు. ఆమె చొక్కా అంచు వేళ్ళకి తగిలింది.

పగిలిన స్క్రీన్ మీద పంపడం తొంభైఆరు శాతం దగ్గర ఆగి ఉంది. విక్టర్‌ని ఇందిర మనుషులు దింపి తీసుకుపోయారు. నలభైమంది జవాన్లు ఆ రాత్రి నడిచి, తెల్లారి టీ తాగారు. ఎందుకు బతికారో వాళ్ళకి తెలియదు.

ప్రాక్టీసులో ప్రమాదం అని రికార్డయింది. సమాధి దగ్గర జయమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"తాడు కట్టుకోకుండా కుర్చీ కూడా ఎక్కదు బాబూ మా పిల్ల. మీరక్కడే ఉన్నారు కదా. ఎందుకు కట్టుకోలేదండీ?"

బేడీ వేసి పోగొట్టిన ఎనిమిది నిమిషాల గురించి ఏ భాషలో చెప్పాలో అతనికి తెలియలేదు. "తెలీదండీ," అన్నాడు. ఆవిడకి చెప్పినవాటిలో అదే పెద్ద అబద్ధం.

సోమవారం ఇందిర ఫైలు మూసి, కళ్ళజోడు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"పదిహేను రోజులు సెలవు తీసుకో. ఎక్కడికైనా కొండల్లోకి వెళ్ళు. మనసు తేలికపడుతుంది."

"మంచి గైడు ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాడు శ్యామ్ బాబు.