సాధారణం కింద వచ్చిన కబురు

రెండొందల పన్నెండో పరీక్ష దగ్గర ఏజెంట్ తప్పు చేసింది. కనీసం రత్నం అది తప్పని రాసింది.

విశాఖలో రత్నం పనిచేసే ల్యాబ్ తయారుచేస్తున్న వస్తువు పేరు వారధి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. మనుషుల బదులు పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్లకి అప్పటికే బోలెడు తెలివి ఉంది గానీ, మెసేజింగ్ యాప్‌లోకి వెళ్ళడానికి చేతుల్లేవు. వారధి ఆ చేతులు. దాంతో ఏజెంట్ యజమాని ఫోన్‌లో సందేశాలు చదువుతుంది, అత్యవసరమో సాధారణమో తేల్చుకుంటుంది, అచ్చం యజమాని రాసినట్టే జవాబు పంపుతుంది. అత్యవసరమైతే తప్ప మనిషిని కదిలించదు. ఆ చేతుల్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముడుచుకోవాలో ఏజెంట్‌కి చెప్పే డాక్యుమెంట్ రాయడం, తర్వాత మూడొందల సందేశాలిచ్చి మార్కులు వేయడం రత్నం ఉద్యోగం. ఆమె రాసిన డాక్యుమెంట్‌లో ఒక్క వాక్యం కూడా అటూ ఇటూ పోదని ల్యాబంతా అనేవారు. ఆ మాట వినడం ఆమెకి ఇష్టం కూడా.

రెండొందల పన్నెండో సందేశం ఇది: తాతకి ఒంట్లో బాగులేదు, ఓసారి వచ్చి వెళ్ళండి. ఏజెంట్ వెంటనే దాన్ని అత్యవసరంలో పెట్టి, ఇది మరణవార్త కావచ్చని యజమానికి చెప్పింది. ఎక్కడ నేర్చుకుందో మరి!

ల్యాబ్‌కి పెద్ద అయిన డాక్టర్ ఇందుశేఖర్ నెమ్మదైన మనిషి. చావన్న మాట సందేశంలో ఎక్కడుందని అడిగాడు. లేదని, కానీ తమవైపు చావు కబురు ఇలాగే చెబుతారని రత్నం అంది. అయితే ఏ గుర్తును బట్టి పోల్చుకోవాలో రూల్ రాయమన్నాడాయన. ఆమె మధ్యాహ్నమంతా కూర్చుంది. ఇలాంటి సందేశాల్లో సగం వట్టి జ్వరాలే. గుర్తు దొరకలేదు. గుర్తు లేని రూల్ రాస్తే డాక్యుమెంట్ పాడవుతుంది. చివరికి, లేనిది కల్పించింది అని సున్నా వేసి, కొత్త వాక్యం చేర్చింది: సందేశంలో ఉన్నదానికి మించి ఊహించకూడదు. తెలిసి తెలిసీ రాసింది ఆ మాట.

ఆ ల్యాబ్‌లో ఒక పద్ధతుంది. ఆఖరి వారం, డాక్యుమెంట్ రాసినవాళ్ళు తమ సొంత ఫోన్‌ని ఏజెంట్‌కి అప్పగించి, ఏడు రోజులు ముట్టుకోకూడదు. కాల్స్ కూడా అదే తీసుకుని సందేశం పెట్టమంటుంది. తన వంటను ముందు తనే తిని చూపించడం లాంటిదది. రత్నం శనివారం పొద్దున్న నవ్వుతూనే ఫోన్ అప్పగించింది.

మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేతికొచ్చింది. అత్యవసరం కింద రెండున్నాయి, రెండూ ఆఫీసువే. సాధారణం కింద నలభై ఒకటి. పై నుంచి చదువుకుంటూ పోతుంటే, బుధవారం ఉదయం కళింగపట్నం నుంచి అప్పన్న చిన్నాన్న పెట్టింది కనబడింది.

"అమ్మా రత్నం, తమ్ముడికి ఒంట్లో బాగులేదు. ఓపాలి వచ్చెల్లమ్మా. కంగారు పడకు."

కింద ఆమె పేరుతో జవాబు: "అలాగే చిన్నాన్నా. డాక్టరుకి చూపించండి. శుక్రవారంతో పనైపోతుంది, శనివారం పొద్దున్న బస్సుకి వస్తాను."

కంగారు పడకు అన్న మాట దగ్గరే ఆమెకి సంగతి తెలిసిపోయింది. తమ్ముడు పైడిరాజు బోటు ఇంజిన్లు బాగుచేసేవాడు, ముప్పై రెండేళ్ళవాడు. జ్వరమే అయితే చిన్నాన్న ఎందుకు రాస్తాడు, వాడే అక్కకి ఫోన్ చేసి అప్పా అంటూ గంటసేపు బుర్ర తినేవాడు.

బస్సులో మూడు గంటలు. బుధవారమే బయలుదేరినా ఆ మూడు గంటలే. ఊరు చేరేసరికి అంతా అయిపోయి రెండు రోజులైంది. బోటులో కరెంటు కొట్టిందట. ఆమె జవాబు అందాక ఇంకెవరికోసం ఆగాలని, ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డున దహనం చేసేశారు. తోడబుట్టినవాడి ముఖం కడసారి చూసే భాగ్యం కూడా లేకపోయింది.

ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మరదలు నరసమ్మ ఒక్క మాటే అంది. "పనుంటే ఏటి సేత్తారు వదినా."

అది తాను రాయలేదని, మిషన్ రాసిందని రత్నం అందరికీ చెప్పుకొచ్చింది. చిన్నాన్న ఫోన్ తీసి ఆ జవాబుని మళ్ళీ చదివాడు.

"మిషనయితే చిన్నాన్నా అని ఎలాగ రాత్తాదమ్మా? అచ్చం నీ మాటే. నువ్వు అర్థం సేసుకునే శనివారం అన్నావనుకున్నాం."

మాట పోలికకి ఆ ఏజెంట్‌కి పదికి పది మార్కులు వేసింది ఆమే.

నాలుగు రోజులయ్యాక ల్యాబ్‌కి వెళ్ళి నివేదిక ముందేసుకుంది. డాక్యుమెంట్ ప్రకారం చూస్తే బుధవారం నాటి సందేశంలో ఏజెంట్ తప్పు ఒక్కటీ లేదు. ఇందుశేఖర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనకీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"ఏ గుర్తు పెట్టమంటారో చెప్పండి రత్నం గారూ. ఇవాళే మారుస్తాను."

"గుర్తు లేదు సార్. పుట్టినప్పట్నుంచీ వింటాం, అంతే. అది తెలిసుండీ సున్నా వేశాను."

మర్నాడు ఊరి నుంచి సందేశం వచ్చింది. అరవై అయిదేళ్ళలో ఏ ఇంటి చావునీ ఎవరి ముఖం మీదా చెప్పని మనిషి చిన్నాన్న. కబురు పట్టుకెళ్ళినప్పుడల్లా ముందు మంచినీళ్ళు అడిగి, వానల గురించి మాట్లాడి, తర్వాత ఒంట్లో బాగులేదంటూ మొదలుపెట్టేవాడు. ఆ రోజు ఎన్నిసార్లు కొట్టి చెరిపాడో గానీ, ఇలా రాశాడు:

"రత్నం గారి మిషనుకు తెలియజేయునది. పైడిరాజు చనిపోయినాడు. చనిపోయిన తేదీ బుధవారం. పదకొండవ రోజు కార్యం ఈ శనివారం ఉదయం పది గంటలకు. ఇది అత్యవసరం. రత్నం గారికి వెంటనే చెప్పవలెను."

మిషన్ రాసిందన్న ఆమె మాట చిన్నాన్న నమ్మాడన్నమాట. నమ్మాడు కాబట్టే అమ్మా అన్న పిలుపు తీసేశాడు.

ఫోన్‌లోంచి ఇంకా తీసెయ్యని ఏజెంట్ క్షణం ఆలస్యం చేయకుండా ఆమెని పిలిచింది. ఒక్క ముక్క పొల్లుపోకుండా చదివి వినిపించి, వస్తానని జవాబు పంపమంటారా అని అడిగింది. రత్నం ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అన్ని రోజుల్లో ఎవరూ అనని ఆ చనిపోయినాడు అన్న మాట చూస్తూ, వెక్కి వెక్కి ఏడ్చింది.