తెగేదాకా లాగే పిల్ల

"ఈ పెట్టె బుక్ సెయ్యను మేడమ్. తీసుకెళ్లిపోండి."

రైల్వే పార్శిల్ క్లర్క్ నీలకంఠం ఫారం వెనక్కి తోశాడు. సరుకు వివరాల దగ్గర 'రియాక్టర్ ఉక్కు నమూనాలు, కల్పాక్కం అణు కేంద్రం' అని ఉంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగి అప్పటికి ఎనిమిది నెలలే అయింది.

కౌంటర్ అవతల పద్మకుమారి తడిసిన గొడుగు మూసింది. ఆ ఉత్తరాది ఉక్కు పట్టణంలో, బర్మామైన్స్ పేట‌లోని ఓ లోహ పరిశోధనశాలలో ఆమె జూనియర్ సైంటిస్టు.

"ఉత్త ఉక్కు ముక్కలండీ. ఏ రియాక్టర్ మొహమూ చూడలేదు."

"రేపు నాకేటైనా అయితే? మా అమ్మకి నేనొక్కడినే."

"జల్దీ కరో భాయ్!" క్యూలోంచి ఎవరో తొందరపెట్టారు.

పద్మకుమారి పెట్టె మూత తీసి, వేలెడంత కడ్డీని అతని అరచేతిలో పెట్టింది. కడ్డీ చల్లగానే ఉంది. నీలకంఠం చెవులే వేడెక్కాయి. రసీదు రాసిచ్చాడు.

తర్వాత ప్రతి శనివారం ఆమె పెట్టెతో వచ్చేది. అతను ప్రశ్నలతో ఎదురుచూసేవాడు. బయట వాన, టీకొట్టు రేకుల కింద ఇద్దరూ.

"ఇంతకీ ఈ కొత్త రియాక్టర్ గొప్పేటి?"

"కాల్చిన ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనం పుట్టించాలని దీంతో ప్రయత్నం."

"అంటే పొయ్యిలో కట్టెలు మండుతుంటే పక్కన ఇంకో మోపు తయారైనట్టా?"

"దాదాపు అంతే."

"అబ్బో, కమాల్ హై! ప్రమాదం లేదా మరి?"

"ఎందుకు లేదూ? అందులో వేడిని మోసేది కరిగిన సోడియం. నీళ్లు తగిలితే భగ్గుమంటుంది. అందుకే గొట్టాల ఉక్కుని ముందే పరీక్షిస్తాం. కొలిమిలో పెట్టి, బరువు వేలాడదీసి, తెగేదాకా లాగుతాం."

"తెగేదాకా లాగకూడదంటారు పెద్దలు!"

"మాకు జీతమే అందుకు," పకపకా నవ్వింది.

ప్రమాదాన్ని దాచకుండా చెప్పి, దానికి ఎదురు నిలబడే మనిషిని నీలకంఠం అంతవరకూ చూడలేదు. సెప్టెంబరులో తల్లి జోగమ్మకు మనసులో మాట చెప్పేశాడు.

"వద్దురా! అణు పనోళ్లకి పిల్లలు పుట్టరంట," అంది జోగమ్మ.

అతను ఆ సంగతి పద్మకుమారి దగ్గర దాచలేకపోయాడు. ఆమె మొహం చిన్నబోయింది.

"దానికి మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"నాకు బాధ అదే," అని లేచి వెళ్లిపోయింది.

రెండు శనివారాలు పెట్టె ప్యూనుతో వచ్చింది. మూడో వారం, పరిశోధనశాలలోకి జనాన్ని రానిచ్చే రోజున, నీలకంఠం బాగ్‌బేరా బస్తీ నుంచి తల్లిని రిక్షాలో తీసుకొచ్చాడు.

"నీ అనుమానమేటో నువ్వే అడుగమ్మా. నీకు నచ్చకపోయినా నేను చేసుకునేది ఆ అమ్మాయినే," అని దారిలోనే చెప్పాడు.

వరసగా చిన్న కొలిములు. ఒకదాంట్లో బరువు కట్టి వేలాడదీసిన కడ్డీ ముందు జోగమ్మ ఆగింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఏలాడతంది?"

"పదకొండు నెలలు, అమ్మా," అంది పద్మకుమారి.

"దీని కాడ నీకేటీ అవదా?"

"ఇది మామూలు ఉక్కే. రేపు రియాక్టర్ దగ్గర పని చేయాల్సొస్తే జాగ్రత్తలుంటాయి. ప్రమాదమే లేదని మాత్రం మీకు అబద్ధం చెప్పను."

జోగమ్మ ఆ కడ్డీకి వేలాడే బరువుని తేరిపార చూసింది.

"మా ఆయన పనిసేసిన కాడ గొలుసు తెగి మీద పడిందమ్మా. అదెంత బరువు మోత్తాదో ముందు ఎవులూ సూడనేదు." కొలిమి వైపు చెయ్యి చూపింది. "ఇలా ఒక్కలు సూసుంటే బతికుండేవోడు."

పద్మకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. జోగమ్మ ఆ చేతిని వదల్లేదు.

"మీది ఏ ఊరమ్మా?"

"టెక్కలి."

"అయితే మన జిల్లావోళ్లే. ఆదివారం మేం వత్తన్నామని మీ నాన్నకి సెప్పు."

నీలకంఠం దగ్గరికి వచ్చి ఏదో గొణిగాడు. ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినిపించలేదు.

"గట్టిగా అనరా! ఆ పిల్లకి ఇనపడాలి కదా," అంది జోగమ్మ.

"నువ్వంటే నాకిష్టం, పద్మా!"

చూడ్డానికొచ్చిన జనమంతా కొలిముల్ని వదిలేసి ఇటు తిరిగారు. పద్మకుమారి తల వంచుకుని, నవ్వు ఆపుకుంటూ అంది.

"ఇప్పుడు వినబడింది."